ఐబీపీఎస్ పీఓ ఇంటర్వ్యూ: తెలుగు మీడియం, మూడేళ్ల గ్యాప్... ఏం చెప్పాలి?

నంద్యాల_కుర్రోడు:

అందరికీ నమస్తే. ఐబీపీఎస్ పీఓ (బ్యాంకు ప్రొబేషనరీ ఆఫీసర్) పరీక్షలో మెయిన్స్ గట్టెక్కాను. ఇంటర్వ్యూ కాల్ లెటర్ కూడా వచ్చింది, సెంటర్ హైదరాబాద్. రెండు వారాలకు అటూ ఇటూగా టైముంది కానీ నాకు ఇప్పట్నుంచే నిద్ర పట్టడం లేదు.

నా సంగతి కొంచెం చెప్తాను. మాది నంద్యాల దగ్గర పల్లె. పదో తరగతి దాకా జడ్పీ హైస్కూల్లో తెలుగు మీడియం. 2022లో బీటెక్ మెకానికల్ అయిపోయింది. క్యాంపస్‌లో ఏమీ తగల్లేదు, సాఫ్ట్‌వేర్ కోర్సులు చేసే ఆసక్తి లేదు, అప్పట్నుంచి బ్యాంకు పరీక్షలే రాస్తున్నా. మధ్యమధ్యలో నాన్నకు సాయంగా మా ఎరువుల దుకాణంలో కూర్చునేవాణ్ని, అంతే. అంటే కాగితం మీద చూస్తే మూడేళ్లు ఖాళీ. కేటగిరీ ఓబీసీ.

ఇంగ్లిష్ చదివితే అర్థమవుతుంది, రాయగలను కూడా. మాట్లాడాలంటేనే కష్టం. మనసులో తెలుగులో అనుకుని దాన్ని ఇంగ్లిష్‌లోకి మార్చుకునేసరికి ఎదుటివాళ్లు వేరే విషయంలోకి వెళ్లిపోతారు.

ఇప్పుడు నా డౌట్లు. గ్యాప్ గురించి అడిగితే ఏం చెప్పాలి, ప్రిపరేషన్ అంటే సరిపోతుందా, లేక ఏదైనా చిన్న కంపెనీలో చేశానని ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ పెట్టుకోవాలా (ఒక ఫ్రెండ్ ఇప్పిస్తానంటున్నాడు)? మెకానికల్ చదివి బ్యాంకుకు ఎందుకొచ్చావంటే ఏమనాలి? టెలిగ్రామ్‌లో బ్యాంకింగ్ అవేర్‌నెస్ పీడీఎఫ్‌లు కుప్పలుగా ఉన్నాయి, అవన్నీ చదవాలా? మాక్ ఇంటర్వ్యూ ప్యాకేజీ తీసుకోవాలా వద్దా? తెలిసినవాళ్లు చెప్పండి ప్లీజ్.

రెండో_కౌంటర్:

కంగ్రాట్స్ తమ్ముడూ. నేను పీఓగా చేరి మహారాష్ట్రలో చేస్తున్నా, విదర్భ వైపు. మొన్నమొన్ననే ఆ గది చూసి వచ్చినవాణ్ని కాబట్టి చెప్తున్నా.

ముందు ఆ దొంగ సర్టిఫికెట్ మాట వదిలెయ్. ఆ కంపెనీ ఏం తయారుచేస్తుంది, జీతం ఏ ఖాతాలో పడింది, పీఎఫ్ నంబరు ఎంత అని అడిగితే అక్కడికక్కడే అయిపోతుంది. ఒకవేళ అప్పటికి తప్పించుకున్నా, చేరేటప్పుడు వెరిఫికేషన్ ఉంటుంది, చేరాక బయటపడితే ఉద్యోగమే పోతుంది.

రెండోది, లెక్క చూసుకో, టెన్షన్ కొంత తగ్గుతుంది. మెయిన్స్‌కి 80, ఇంటర్వ్యూకి 20 వెయిటేజీ. ఇంటర్వ్యూ 100 మార్కులకు, అందులో క్వాలిఫై అవ్వాలంటే జనరల్‌కి 40 శాతం, నీకు 35 శాతం రావాలి. మెయిన్స్ మొత్తం 225. అంటే ఇంటర్వ్యూలో 45 వచ్చినవాడికీ 65 వచ్చినవాడికీ ఫైనల్‌లో తేడా 4 మార్కులు, అది మెయిన్స్‌లో ఇంచుమించు 11 మార్కులతో సమానం. 11 మార్కులంటే తక్కువేం కాదు, బ్యాంకు అలాట్‌మెంట్ అంతా మారిపోతుంది. అలాగని ఇంటర్వ్యూతోనే బతుకు తేలిపోతుందనుకోకు, నీ మెయిన్స్ స్కోరును ఎవరూ లాక్కోలేరు.

లోపల నలుగురైదుగురు ఉంటారు, పది పదిహేను నిమిషాల పని. ప్రశ్నలు సగానికి పైగా నువ్వు నింపిచ్చే బయోడేటా ఫారం లోంచే వస్తాయి. వాళ్లకు నీ గురించి ఇంకేమీ తెలియదు కదా, చేతిలో ఉన్న కాగితం చూసే అడుగుతారు. కాబట్టి పీడీఎఫ్‌ల కంటే ముందు ఆ ఫారంలో ప్రతి గడి మీదా నాలుగు ప్రశ్నలు నువ్వే వేసుకో. ఊరు, జిల్లా, కాలేజీ, ప్రాజెక్టు, హాబీ, నాన్న ఏం చేస్తారు, అన్నీ.

ఇక గ్యాప్ సంగతి. నీ పోస్టులో అసలు విషయాన్ని నువ్వు 'అంతే' అని కొట్టేశావు. ఎరువుల దుకాణంలో కూర్చున్నానన్నావే, అక్కడ ఏం చేసేవాడివి? బిల్లులు రాశావా, అప్పు పద్దులు చూశావా, బాకీలకు ఊళ్లు తిరిగావా? అవి చేసి ఉంటే నీది గ్యాప్ ఎలా అవుతుంది, రూరల్ బ్రాంచిలో మేం చేసే పనిలో సగం అదే.

పాత_లెడ్జర్:

పై తమ్ముడు బాగా చెప్పాడు. నేను బ్యాంకులో చాలా ఏళ్లు చేసి రిటైరైనవాణ్ని, కొన్ని ఇంటర్వ్యూ ప్యానెళ్లలో కూడా కూర్చున్నాను. బల్లకు అవతలి వైపు నుంచి ఎలా ఉంటుందో చెబుతాను.

బాబూ, పొద్దున్నుంచి సాయంత్రం దాకా పిల్లలు ఒకరి తర్వాత ఒకరు వచ్చి దేశానికి సేవ చేయాలని, ఫైనాన్షియల్ ఇంక్లూజన్‌లో పాలుపంచుకోవాలని అవే మాటలు అప్పజెప్పి పోతుంటారు. మధ్యాహ్నం భోజనం అయ్యాక ఆ మాటలు మా చెవికి ఎక్కనే ఎక్కవు. అలాంటప్పుడు ఒక కుర్రాడొచ్చి, సర్, మా దుకాణంలో రైతులు అప్పు మీద ఎరువు తీసుకుంటారు, పంట అమ్మాక కడతారు, ఆ పద్దులు రాసింది నేనే అన్నాడనుకో, ఐదుగురం తలెత్తి చూస్తాం. నిజంగానే తెలుసుకోవాలనిపించి అడుగుతాం. అక్కణ్నుంచి నువ్వు నీ సొంత చేను గట్టు మీద నడుస్తున్నట్టే.

నేనైతే ఏమడుగుతానో చెప్పనా? మీ దుకాణంలో వడ్డీ ఎంత? వందకు నెలకు రెండు రూపాయలు అంటావు, అంటే ఏడాదికి 24 శాతం. కిసాన్ క్రెడిట్ కార్డు మీద 3 లక్షల దాకా పంట రుణానికి 7 శాతం, గడువులో కట్టినవాడికి ఇంకో 3 శాతం తగ్గి 4 శాతమే పడుతుంది. మరి 4 శాతం బ్యాంకు ఊళ్లో ఉండగా రైతు 24 శాతానికి నీ దగ్గరికి ఎందుకొస్తున్నాడు?

ఈ ప్రశ్నకు జవాబు నీకు ఏ పీడీఎఫ్‌లోనూ దొరకదు, నీకైతే తెలుసు. సేద్యం చేసేది కౌలు రైతు, పాసుపుస్తకం ఉన్నది భూమి యజమాని దగ్గర. కౌలుదారుకి సీసీఆర్‌సీ కార్డు (పంట సాగుదారు హక్కు కార్డు) రావాలన్నా ఆ యజమాని సంతకం పెట్టాలి, భూమి ఎక్కడ పోతుందోనని ఆయన పెట్టడు. కొందరికి పాత బాకీ ఉండి కొత్త రుణం పుట్టదు. కొందరు రుణమాఫీ వస్తుందేమోనని రెన్యువల్ చేసుకోకుండా ఆగి ఓవర్‌డ్యూ అయిపోతారు. పైగా వాన పడ్డ మర్నాడు యూరియా కావాలి, బ్యాంకు చుట్టూ నాలుగు రోజులు తిరిగేంత టైము రైతుకు ఉండదు, మీ దుకాణంలో అయితే అప్పటికప్పుడు బస్తా భుజానికి ఎత్తుకుని పోతాడు. ఇందులో రెండు ముక్కలు చెప్పగలిగితే చాలు. ఆ తర్వాత 'నువ్వు ఆ బ్రాంచి మేనేజరువైతే ఏం చేస్తావు' అని వస్తుంది, దానికి కూడా ఆలోచించుకుని వెళ్లు. కౌలుదారులతో జేఎల్‌జీలు (ఒకరి అప్పుకు మరొకరు పూచీ ఉండే ఉమ్మడి సంఘాలు) కట్టించడం, ఖరీఫ్‌కు ముందే ఊరికెళ్లి రెన్యువల్ క్యాంపు పెట్టడం, ఇలాంటివి.

రుణమాఫీ మంచిదా చెడ్డదా అని అడుగుతారు, తెలుగువాళ్లను మరీ అడుగుతారు. పార్టీల పేర్లు ఎత్తకు. ఆ ఏడాది పంట పోయినవాడికి అది ఊపిరి, గడువులో కట్టినవాడికి మాత్రం తప్పు చేశానా అనిపిస్తుంది, బ్యాంకుకు తర్వాతి వసూళ్లు కష్టమవుతాయి. రెండు వైపులా చెప్పి నీ అభిప్రాయం ఒకటి చెప్పు. గోడ మీద కూర్చున్నావంటే మాత్రం మాకు నచ్చదు.

బ్యాంకింగ్ చదవాల్సింది ఎంత అంటే, ఒక ప్రశ్న తర్వాత రెండో ప్రశ్నకు కూడా నిలబడేంత. ఎన్‌పీఏ (మొండి బాకీ) అంటే 90 రోజులు కట్టనిది అని అందరూ చెబుతారు. వెంటనే నేను, పంట రుణానికి కూడా 90 రోజులేనా అంటాను. చాలామంది అక్కడ ఆగిపోతారు. స్వల్పకాలిక పంటలకు రెండు సీజన్లు, దీర్ఘకాలిక పంటలకు ఒక సీజను బాకీ పడితే ఎన్‌పీఏ. ఎందుకు అలా పెట్టారంటే రైతుకు నెలనెలా ఆదాయం రాదు కాబట్టి. ఆ 'ఎందుకు' నీకు తెలిస్తే మిగతాది మర్చిపోయినా ఫరవాలేదు. రెపో రేటు (బ్యాంకులకు ఇచ్చే అప్పు మీద రిజర్వు బ్యాంకు వేసే వడ్డీ) అంకె ఆ వారం ఎంతుందో చూసుకుని వెళ్లు, కానీ అది పావు శాతం తగ్గితే ఇంటి అప్పు తీసుకున్నవాడికి ఏమవుతుంది, డిపాజిట్ పెట్టుకున్న పెద్దాయనకు ఏమవుతుంది అన్నది కూడా ఆలోచించు.

టీకొట్టు_మేధావి:

సార్ చెప్పింది వింటుంటే బావుంది కానీ అందరికీ ఇంత మంచి ప్యానెల్ దొరకదు. నా రూమ్మేట్ లోపలికెళ్లి ఐదు నిమిషాల్లో బయటికొచ్చాడు. ఒకాయన ఫోన్ చూసుకుంటున్నాడట, ఇంకొకాయన 'మెకానికలా, అయితే ఒట్టో సైకిల్ గీసి చూపించు' అన్నాడట. రైతులూ కౌలూ ఏమీ రాలేదు. కాబట్టి తమ్ముడూ, డిగ్రీ సబ్జెక్టు బేసిక్స్ కూడా ఒకసారి తిరగేసుకో. థర్మోడైనమిక్స్ సూత్రాలు, ఫోర్ స్ట్రోక్ టూ స్ట్రోక్ తేడా, నీ ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు నిజంగా ఏం చేసిందో. ప్రాజెక్టు అమీర్‌పేటలో కొన్నదైతే మరీ జాగ్రత్త, మనలో మాట.

ఇంగ్లిష్ గురించి ఎవరూ ఏమీ అనలేదు, నేనంటాను. 'సింపుల్ ఇంగ్లిష్ చాలు' అని అందరూ చెప్తారు, ఆ సింపుల్ ఇంగ్లిష్ నోట్లోంచి రావడానికి ఏం చెయ్యాలో ఎవరూ చెప్పరు. ఫోన్‌లో రికార్డర్ ఆన్ చెయ్, ఒక ప్రశ్న తీసుకో, ఒక నిమిషం మాట్లాడు, విను. మొదట మూడు రోజులు నీ గొంతు నీకే అసహ్యంగా ఉంటుంది. తర్వాత ఎక్కడ ఆగిపోతున్నావో తెలుస్తుంది. అందరూ ఆగేది దాదాపు ఒకే చోట, పెద్ద వాక్యం మొదలుపెట్టి మధ్యలో 'విచ్' అని వేసి దాన్ని ఎలా ముగించాలో తెలియక. అక్కడ వాక్యాన్ని విరిచెయ్. మా నాన్నకు దుకాణం ఉంది. నేను లెక్కలు చూసేవాణ్ని. రైతులు పంట తర్వాత కట్టేవాళ్లు. ఇలా మూడు ముక్కలు. వాటిని ఇంగ్లిష్‌లో చెప్పడం ఎవరికైనా వస్తుంది.

జవాబులు మొత్తం బట్టీ మాత్రం పట్టకు. బట్టీ పట్టినవాడికి మధ్యలో ఒక మాట మర్చిపోతే మొత్తం పోతుంది, కళ్లు పైకప్పు వైపు వెళ్తాయి, ఎదుటివాడికి తెలిసిపోతుంది.

మాక్ ఇంటర్వ్యూల ప్యాకేజీ నా దృష్టిలో దండగ. అక్కడ కూర్చునేవాళ్లలో చాలామంది బ్యాంకు ముఖం చూసినవాళ్లు కాదు, అందరికీ ఒకే టెంప్లేట్ జవాబులు ఇస్తారు, సార్ చెవికి ఎక్కనివి ఆ జవాబులే.

రెండో_కౌంటర్:

మేధావి గారితో సగమే ఒప్పుకుంటా. ప్యాకేజీలు దండగే, కానీ తెలియని ముఖాల ముందు ఒక్కసారైనా కూర్చోకుండా వెళ్లడం మంచిది కాదు. రికార్డర్ నిన్ను మధ్యలో ఆపదు, ముఖం చిట్లించదు. డబ్బు పెట్టక్కర్లేదు. నంద్యాలలో ఏదో ఒక బ్యాంకులో తెలిసిన ఆఫీసరు ఉంటారు, మీ దుకాణం కరెంట్ ఖాతా ఉన్న బ్రాంచికే వెళ్లి సాయంత్రం నాలుగు దాటాక పది నిమిషాలు అడుగు. మేం ఎంత తలనొప్పిలో ఉన్నా ఇలాంటి వాటికి కాదనం. పనిలో పనిగా ఆ బ్రాంచిలో ఏ రుణాలు ఎక్కువ, మీ జిల్లాకు లీడ్ బ్యాంకు (జిల్లాలో బ్యాంకులన్నిటినీ సమన్వయం చేసేది) ఏది, డ్వాక్రా సంఘాలు ఎన్ని ఉన్నాయి అని అడిగి తెలుసుకో.

జిల్లా గురించి కూడా. నంద్యాల కొత్త జిల్లా, 2022 ఏప్రిల్ 4న కర్నూలు నుంచి విడిపోయింది. మహానంది, అహోబిలం, యాగంటి, బెలుం గుహలు అని పర్యాటక శాఖ పాంప్లెట్ చదివినట్టు చెప్పి ఊరుకోకు. అవి చెప్పు, కానీ బ్యాంకరు చూసే జిల్లా వేరే. కేసీ కాలువ కింద వరి, నల్లరేగడిలో పత్తి, శనగ, బనగానపల్లె మామిడి (2017లో జీఐ, అంటే భౌగోళిక గుర్తింపు వచ్చింది), బేతంచెర్ల వైపు నాపరాయి పాలిషింగ్ యూనిట్లు. ఆ యూనిట్లకు ఏ రుణం ఇస్తావంటే ముద్ర (చిన్న వ్యాపారాలకు రుణాలిచ్చే కేంద్ర పథకం) గుర్తుకు రావాలి. శిశు 50 వేల దాకా, కిశోర్ 5 లక్షలు, తరుణ్ 10 లక్షలు, పాత తరుణ్ రుణం సరిగ్గా కట్టినవాళ్లకు తరుణ్ ప్లస్ కింద 20 లక్షల దాకా. మామిడికైతే కోల్డ్ స్టోరేజీ, గుజ్జు యూనిట్లు. నంద్యాల ఎంపీగా ఎవరెవరు గెలిచారని కూడా అడగొచ్చు, 1991 ఉపఎన్నికలో పీవీ నరసింహారావు గారు ప్రధానిగా ఉండి గెలిచింది ఇక్కణ్నుంచే.

పాత_లెడ్జర్:

ఇంకో మాట కలుపుతాను. తెలుగు పిల్లలను మీ రాష్ట్రంలో పుట్టిన బ్యాంకుల గురించి చెప్పమంటే చాలామంది నీళ్లు నములుతారు. భోగరాజు పట్టాభి సీతారామయ్య గారు 1923లో మచిలీపట్నంలో ఆంధ్రా బ్యాంకు పెట్టారు, 1980లో జాతీయమైంది, 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసింది. 2025 మే నుంచి ఆంధ్రాలో ఉన్న గ్రామీణ బ్యాంకులన్నీ కలిపి ఒకటే చేశారు, తెలంగాణకు ఒకటి. విలీనాల వల్ల మంచా చెడా అని అడిగితే పెద్ద సిద్ధాంతాలు అక్కర్లేదు, మీ ఊరి ఖాతాదారుకు ఐఎఫ్ఎస్‌సీ కోడ్ మారినప్పుడు, చెక్కుబుక్కు మార్చుకోవాల్సి వచ్చినప్పుడు ఏం ఇబ్బంది పడ్డాడో చెప్పు, ఆ తర్వాత లాభం చెప్పు.

తెలియని ప్రశ్న వస్తే 'సారీ సర్, తెలియదు' అని మామూలుగా అనెయ్. మొహం మాడ్చుకోకు, నవ్వకు. అర్ధం తెలిసినదాన్ని మొత్తం తెలిసినట్టు చెప్పావో, దొరికావు. కౌంటర్లో అలా చెప్పే ఆఫీసరు వల్ల బ్యాంకుకు నష్టం వస్తుందని మాకు తెలుసు కాబట్టి మార్కులు అక్కడ కోస్తాం, తెలియదన్నవాడి దగ్గర కాదు.

కాకినాడ_కాజా:

ఇంత చర్చలో ఎవరూ కుల, చదువు సర్టిఫికెట్ల మాట ఎత్తలేదేంటి! నేను ఆఫీసర్‌గా చేస్తున్నా, మా బ్యాచ్‌లో ఇంటర్వ్యూ రోజు జవాబుల కంటే కాగితాల దగ్గర ఏడ్చినవాళ్లే ఎక్కువ.

తమ్ముడూ, ఓబీసీ అన్నావు. నీ దగ్గరున్నది రాష్ట్రం ఇచ్చే బీసీ సర్టిఫికెట్టా, కేంద్ర ప్రభుత్వ ఫార్మాట్‌లో ఉన్న ఓబీసీ నాన్ క్రీమీ లేయర్ సర్టిఫికెట్టా? రెండూ వేరు. బీసీ-ఏ, బీసీ-బీ అని ఉన్నది ఇక్కడ పనికిరాదు. రాష్ట్ర జాబితాలో ఉన్న కొన్ని కులాలు కేంద్ర ఓబీసీ జాబితాలో లేవు, ఉన్నా పేరు వేరేలా రాసి ఉంటుంది, అదీ చూసుకో. నోటిఫికేషన్‌లో సర్టిఫికెట్ ఏ తేదీల మధ్య జారీ అయి ఉండాలని రాశారో మళ్లీ చదువు.

తర్వాత పేరు. మన పదో తరగతి మెమోలో ఇంటిపేరు ఒక అక్షరమే ఉంటుంది, ఆధార్‌లో పూర్తిగా ఉంటుంది, పాన్‌లో ముందూ వెనకా తారుమారవుతుంది. మనకు అది మామూలే, ఉత్తరాది వెరిఫికేషన్ ఆఫీసరుకు ఇద్దరు వేర్వేరు మనుషుల్లా కనిపిస్తుంది. తేడా ఉంటే ఏం తేవాలో కాల్ లెటర్‌లో చదివి, ఆ అఫిడవిట్టో మరోటో ముందే చేయించుకో. బీటెక్‌కి ప్రొవిజనల్ కాకుండా ఒరిజినల్ డిగ్రీ వచ్చిందా? సీజీపీఏని పర్సంటేజీకి మార్చే యూనివర్సిటీ ఫార్ములా కాగితం ఉందా?

అమ్మాయిలెవరైనా ఈ థ్రెడ్ చదువుతుంటే ఒక మాట. పెళ్లయితే ట్రాన్స్‌ఫర్ అడుగుతావా, మీ వాళ్లు బయట రాష్ట్రానికి పంపిస్తారా అని ఇంకా అడుగుతున్నారు. కోపం వస్తుంది, రావాలి కూడా. నన్నడిగినప్పుడు, అప్లికేషన్ పెట్టేటప్పుడే ఆల్ ఇండియా పోస్టింగ్ అని చదివి పెట్టాను సర్, ఇంట్లో మాట్లాడుకున్నాను అని చెప్పి ఊరుకున్నా. అంతకంటే ఒక్క మాట ఎక్కువ చెప్పలేదు, వాళ్లూ తర్వాతి ప్రశ్నకు వెళ్లిపోయారు. కాబోయే అత్తగారి గురించి ఎవరికీ సంజాయిషీ ఇవ్వక్కర్లేదు. డ్రెస్ గురించి కూడా అనవసరపు కంగారు, చీరైనా చుడీదారైనా ఇస్త్రీ చేసి ఉంటే చాలు. అబ్బాయిలూ, కోటు అద్దెకు తెచ్చుకోకండి, భుజాల దగ్గర తెలిసిపోతుంది.

నంద్యాల_కుర్రోడు:

అందరికీ చాలా చాలా థ్యాంక్స్. సర్టిఫికెట్ ఫ్రెండ్‌కి వద్దని చెప్పేశాను. పాత_లెడ్జర్ సార్, మీరడిగిన ప్రశ్న నాన్నకు చదివి వినిపించా, ఆయన ఒక పది నిమిషాలు ఆపకుండా చెప్పారు, అంతా రాసుకున్నా. మా దగ్గర కూడా ఎక్కువమంది కౌలు రైతులే.

ఇంట్రడక్షన్ ఒకటి రాసుకున్నా, ఇంగ్లిష్‌లోనే చెప్తాను, ఇక్కడ తెలుగులో పెడుతున్నా, చూసి చెప్పండి:

'మాది నంద్యాల జిల్లా. 2022లో మెకానికల్ ఇంజనీరింగ్ పూర్తి చేశాను. నాన్నగారికి ఎరువుల దుకాణం ఉంది. గత మూడేళ్లుగా బ్యాంకు పరీక్షలకు చదువుతూ దుకాణం లెక్కలు, పాస్ మెషీన్ (రైతు వేలిముద్ర తీసుకుని ఎరువు అమ్మే యంత్రం) అమ్మకాలు, రైతుల బాకీలు నేనే చూస్తున్నాను. సీజనులో రెండు వందల మంది దాకా రైతులకు అప్పు మీద ఇస్తాం. వాళ్లలో ఎవరు కడతారు, ఎవరు ఆలస్యం చేస్తారు, ఎందుకు చేస్తారు అన్నది దగ్గర్నుంచి చూశాను. బ్యాంకు ఉద్యోగం మీద ఆసక్తి అక్కడే మొదలైంది. నేను కష్టపడే మనస్తత్వం కలవాణ్ని, టీమ్ ప్లేయర్‌ని, ఒత్తిడిలో బాగా పనిచేయగలను. నా హాబీలు పుస్తకాలు చదవడం, పాటలు వినడం.'

పాత_లెడ్జర్:

బాగుంది బాబూ. చివరి రెండు వాక్యాలు తీసెయ్. 'బ్యాంకు ఉద్యోగం మీద ఆసక్తి అక్కడే మొదలైంది' దగ్గర ఆపు. కష్టపడతాను, టీమ్ ప్లేయర్‌ని అన్నది నీ గురించి నువ్వు చెప్పుకుంటే విలువ లేదు, బాకీల సంగతి విని మేమే అనుకోవాలి. అక్కడ ఆపితే తర్వాతి ప్రశ్న ఖాయంగా బాకీల మీదే వస్తుంది, నీకు కావాల్సిందీ అదే. మెకానికల్ చదివి బ్యాంకుకెందుకు అన్నదానికి కూడా విడిగా ఇంకో జవాబు అక్కర్లేదు, ఇదే చెప్పు.

పాస్ మెషీన్ అన్నావు కాబట్టి దాని మీదా అడుగుతారు. రైతు ఆధార్ వేలిముద్ర వేసి బస్తా తీసుకున్నాకే కంపెనీకి సబ్సిడీ వెళ్తుందని, సబ్సిడీ రైతు ఖాతాలోకి రాదని స్పష్టంగా చెప్పు. డీబీటీ (లబ్ధిదారుకు నేరుగా బదిలీ) అని పేరుంది కాబట్టి ప్యానెల్‌లో కూడా కొందరు గ్యాస్ సబ్సిడీ లాగే అనుకుంటారు. అలాంటప్పుడు 'మీరు పొరబడ్డారు సర్' అనకు, 'మా దుకాణంలో జరిగేది ఇలా సర్' అను. 45 కిలోల యూరియా బస్తా ధర నీకు నిద్రలో లేపినా 266 రూపాయల 50 పైసలని వస్తుంది, అది సరే, 50 కిలోల బస్తాను 45 ఎందుకు చేశారో కూడా చూసుకో.

హాబీల గడిలో నిజంగా చేసేదే రాయి. పుస్తకాలు అని రాస్తే ఈ మధ్య చదివిందేమిటి, అందులో నచ్చనిదేమిటి అంటాం.

నంద్యాల_కుర్రోడు:

పుస్తకాలు తీసేస్తా సార్ 😅 నిజానికి నేను చేసేది వాలీబాల్ ఆడటం. మండల స్థాయి దాకా ఆడా, అది రాయొచ్చా?

టీకొట్టు_మేధావి:

నిరభ్యంతరంగా. కోర్టు కొలతలు, టీములో ఎంతమంది, లిబెరో అంటే ఎవరు, ఇవి ఇంగ్లిష్‌లో చెప్పడం ప్రాక్టీస్ చెయ్. ఆడేవాడికి తెలిసినా టక్కున నోటికి రాదు.

కాకినాడ_కాజా:

అవన్నీ సరే, నా ప్రశ్నకు నువ్వింకా జవాబు చెప్పలేదు. కేంద్ర ఫార్మాట్ సర్టిఫికెట్ ఉందా లేదా?

నంద్యాల_కుర్రోడు:

అక్కా, ఇప్పుడే బీరువాలోంచి తీసి చూశా. నా దగ్గరున్నది బీసీ-బీ అని ఉన్న రాష్ట్రం సర్టిఫికెటే. కులం పేరు కేంద్ర జాబితాలో ఉంది, చూశాను.

కాకినాడ_కాజా:

అయితే రేపు పొద్దున్నే సచివాలయానికి వెళ్లు. అడిగేటప్పుడు 'సెంట్రల్ గవర్నమెంట్ ఓబీసీ ఎన్‌సీఎల్' అని విడిగా చెప్పు, లేకపోతే మళ్లీ అదే రాష్ట్రం సర్టిఫికెట్ చేతిలో పెడతారు. నోటిఫికేషన్ చివర్లో ఆ ఫార్మాట్ ఉంటుంది, ప్రింట్ తీసి పట్టుకెళ్లు. నాన్నగారి ఆదాయం వివరాలు, మీ పాత కుల ధ్రువీకరణ, ఆధార్ జిరాక్సులు వెంట ఉంచుకో. వీఆర్వో ఎంక్వైరీ, ఆర్ఐ, ఆ తర్వాత తహసీల్దారు సంతకం, మధ్యలో ఆదివారాలు సెలవులు వస్తే నీ రెండు వారాలు ఇట్టే అయిపోతాయి. జారీ తేదీ విషయంలో నోటిఫికేషన్ గడువు దాటిపోయిందేమో అని అనుమానం ఉంటే ఐబీపీఎస్ హెల్ప్‌లైన్‌కి మెయిల్ పెట్టి అడుగు, వాళ్లు ఏం చెప్పినా ఆ మెయిల్ ప్రింట్ ఫైల్లో పెట్టుకో. పని ఎంతవరకు వచ్చిందో ఇక్కడ చెప్పు, మా బాబాయి రెవెన్యూలో చేశారు, ఎక్కడైనా ఆగితే ఎవరిని అడగాలో కనుక్కుని చెప్తా.